నవంబర్ 30న బార్బడోస్‌లో గది తలుపు వేసుకుని కూర్చోకండి

మెడిసిన్ చదవడానికి కరీబియన్ దీవి బార్బడోస్ వచ్చిన మన పిల్లలు నవంబర్ రాగానే అడుగుతారు: "అన్నా, ముప్పయ్యో తారీకు సెలవట, ఆ రోజు ఏముంటుంది?" అది ఈ దేశపు స్వాతంత్ర్య దినం. సందడి ఒక్కరోజు కాదు, నెలంతా ఉంటుంది. నవంబర్ మొదట్లోనే రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో పార్లమెంటు భవనాలు నీలం, పసుపు దీపాలతో వెలుగుతాయి. అవి జెండా రంగులు. చీకటి పడ్డాక ఛాంబర్లెయిన్ వంతెన మీద నిలబడి చూడండి.

1627 నుంచి 1966 దాకా, 339 ఏళ్లు, ఈ దీవి బ్రిటిష్ వాళ్ల చేతిలోంచి ఒక్కసారి కూడా జారలేదు. చెరకు తోటల్లో బానిసలుగా చాకిరీ చేసినవాళ్ల వారసులే ఇప్పుడు మన పక్కింటివాళ్లు. 2021లో అదే నవంబర్ 30న బ్రిటన్ రాణిని దేశాధినేతగా వద్దనుకుని గణతంత్రమయ్యారు. మనకు పంద్రాగస్టు, జనవరి 26 వేరువేరు. వీళ్లకు రెండూ ఒకే తేదీ. అందుకే ఆ రోజును వట్టి సెలవుగా చూడొద్దని చెబుతాను.

పరేడ్ అంటే గారిసన్ సవానాయే గుర్తొస్తుంది. మామూలు రోజుల్లో అది గుర్రప్పందేల మైదానం. 1966లో బ్రిటిష్ జెండా దించి తమ జెండా ఎగరేసింది అక్కడే. పరేడ్ ఈ ఏడాది ఎక్కడో, ఎన్నింటికో ముందురోజు వార్తల్లో చూసుకుని, పొద్దున్నే బయల్దేరండి. టోపీ, నీళ్లు మరవొద్దు. ల్యాండ్‌షిప్ అనే సంప్రదాయ నృత్య బృందం వాళ్లు ఎక్కడ కనిపించినా వదలకండి: నావికుల దుస్తుల్లో, డప్పుల మోతకు, నేల మీదే ఓడ కదిలినట్టు నడుస్తారు. ఒక్క జాగ్రత్త: సైన్యం రంగుల మచ్చల ప్యాంటు, చొక్కా, సంచీ ఏదీ వేసుకోవద్దు. ఇక్కడ అది చట్టప్రకారం నేరం, పసిపిల్లలకైనా మినహాయింపు లేదు.

ఇక కాంకీలు. మొక్కజొన్న పిండి, కొబ్బరి కోరు, గుమ్మడికాయ, చిలగడదుంప, చక్కెర, కిస్మిస్ కలిపి, సెగకు వాడ్చిన అరిటాకులో పొట్లం కట్టి ఆవిరికి ఉడికిస్తారు. నవంబర్ అంతా ఇదే వంట. మొదటి ఏడాది మా ఓనరమ్మ తలుపు కొట్టి రెండు పొట్లాలు చేతిలో పెట్టింది. ఆకు విప్పగానే వచ్చిన వాసనకు కోనసీమలో మా అమ్మమ్మ పనసాకు బుట్టల్లో వండిన పొట్టిక్కలు గుర్తొచ్చి, కాసేపు మాట రాలేదు. శాకాహారులైతే గుడ్డు, జంతువుల కొవ్వు వేశారా అని అడగండి, కొందరు వేస్తారు. అడిగితే ఎవరూ నొచ్చుకోరు. ముందు "గుడ్ మార్నింగ్" మాత్రం చెప్పాలి. పలకరించకుండా మాట మొదలుపెడితే ఇక్కడ అమర్యాద.

మా ఓనరమ్మ వండుతుంటే ఆకులు వాడ్చిపెడతానని వంటింట్లోకి వెళ్లాను. ఇప్పటికీ ప్రతి నవంబర్‌లో ఆ పని నాదే.