నంబర్లు తర్వాత, ముందు ఛార్జ్ పట్టుకో

స్వాతీ,

క్రోమాటిన్ (డీఎన్ఏ, దాన్ని చుట్టిపెట్టే ప్రోటీన్లు కలిసినది) పాఠం ఎన్నిసార్లు చదివినా నిలవట్లేదు పిన్నీ అన్నావు కదా, నువ్వు నంబర్లు బట్టీ పడుతున్నావు, అందుకే నిలవట్లేదు. పుస్తకం మూసేసి ముందు ఒక లెక్క చెయ్యి. మన కణంలోని డీఎన్ఏలో సుమారు 660 కోట్ల బేస్ పెయిర్లు, అంటే నిచ్చెన మెట్లలాంటి జతలు, ఒకదానికీ పక్కదానికీ మధ్య 0.34 నానోమీటర్లు, గుణిస్తే 2.2 మీటర్లొస్తుంది, అదంతా ఓ 6 నుంచి 10 మైక్రోమీటర్ల న్యూక్లియస్‌లో పట్టాలి. ఎలా పడుతుందబ్బా అని నీకే అనిపించాలి, అప్పుడు పేజీ తిప్పు.

ఇక ఛార్జ్. ఫాస్ఫేట్ల వల్ల డీఎన్ఏ నెగెటివ్, లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు బాగా ఉండటం వల్ల హిస్టోన్లనే ప్రోటీన్లు పాజిటివ్, అందుకే గట్టిగా పట్టుకుంటాయి. హెచ్2ఏ, హెచ్2బీ, హెచ్3, హెచ్4 అనే హిస్టోన్లు రెండేసి చొప్పున మొత్తం ఎనిమిది, వాటి చుట్టూ డీఎన్ఏ దాదాపు 1.65 చుట్లు, ఈ చుట్టే న్యూక్లియోజోమ్. హెచ్1 అనే ఇంకో హిస్టోన్ ఈ ఎనిమిదిలో లేదమ్మా, డీఎన్ఏ చుట్టలోకి వచ్చి బయటికెళ్ళే చోట బయట ఉంటుంది, మా క్లాసుల్లో పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఒకచోట 147 అనీ ఇంకోచోట 200 అనీ ఉందని కంగారు పడకు, చుట్టుకున్నది 147 బేస్ పెయిర్లు, పక్క న్యూక్లియోజోమ్ దాకా ఉన్న లింకర్ డీఎన్ఏ కూడా కలిపితే సుమారు 200. ఇప్పుడు 660 కోట్లని 200తో భాగించు, 3.3 కోట్ల న్యూక్లియోజోమ్‌లు, ఒక్క కణంలో! ఇన్నేళ్ళుగా చెప్తున్నా ఆ లెక్క బోర్డు మీద వేసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

1974లో ఓలిన్స్ దంపతులు క్రోమాటిన్‌ని మైక్రోస్కోప్‌లో పూసల దండలా చూడటం, అదే ఏడు శాస్త్రవేత్త కార్న్‌బర్గ్ న్యూక్లియోజోమ్ మోడల్ చెప్పడం ఒకసారి చదివితే చాలు. ఆ దండ ఇంకా చుట్టుకుంటే వచ్చే 30 నానోమీటర్ల ఫైబర్ గురించి పరీక్షలో రాయి, కాకపోతే టెస్ట్‌ట్యూబ్‌లో కనిపించినంత నీట్‌గా అది మామూలు కణాల్లో కనిపించలేదని తెలిసుండు.

అసలు ముఖ్యమైంది చాలామంది వదిలేస్తారు. ఈ ప్యాకింగ్ చోటు కోసం మాత్రమే కాదు, ఏ జీన్ చదవాలి ఏది చదవకూడదు అన్నది కూడా దీనిమీదే ఆధారపడుతుంది. హిస్టోన్‌లోని లైసిన్‌కి ఎసిటైల్ గ్రూప్ తగిలిందనుకో, దాని పాజిటివ్ ఛార్జ్ పోతుంది, పట్టు సడలుతుంది, జీన్ చదవడానికి వీలవుతుంది. గట్టిగా ముడుచుకుంటే హెటెరోక్రోమాటిన్, అక్కడ చాలావరకు జీన్లు మూతపడే ఉంటాయి, మన ఆడవాళ్ళ కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి దాదాపు మొత్తం అలా ముడుచుకుని బార్ బాడీ అయిపోతుంది చూడు, అదీ ఇదే.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఒకటి అడుగుతా, రెడీగా ఉండు. వీర్యకణాల్లో చాలావరకు హిస్టోన్లు పోయి, ఆర్జినిన్ ఇంకా ఎక్కువున్న ప్రోటమిన్లనే ప్రోటీన్లు వస్తాయి, ఎందుకొస్తాయో పుస్తకం చూడకుండా ఛార్జ్‌తోనే చెప్పాలి.

మీ పిన్ని