ఒక్క పుష్-అప్ కూడా రాకపోతే చేతుల్లో బలం లేనట్టేనా?

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారవుతూ పుష్-అప్ ఒక్కటీ తీయలేకపోయానని రాశారు. అంతమాత్రాన బలం లేదని కాదమ్మా, ఆ పరీక్ష మీకు సరిపోలేదంతే.

అనంతపురంలో డిగ్రీ అమ్మాయిలకు వ్యాయామం నేర్పుతుంటాను. మొదటి ఏడాది నేనూ ఇదే తప్పు చేశాను. ముప్పై మందిని పుల్-అప్ (బార్ పట్టుకుని ఒంటిని పైకి లాగడం) బార్ కింద వరసగా నిలబెడితే ఇరవై ఆరు మందికి సున్నా వచ్చింది. అన్నీ సున్నాలే అయితే ఎవరు గట్టివాళ్లో ఎలా తెలుస్తుంది? అమెరికా స్కూళ్ల ఫిట్‌నెస్ టెస్టులో చాలా ఏళ్లు అమ్మాయిలకు పుల్-అప్ బదులు గడ్డం బార్ పైన ఉండేలా మోచేతులు మడిచి వేలాడటమే పెట్టారు. అందులో మూడు సెకన్లు ఉన్నా అదొక లెక్కే.

తర్వాత మోకాళ్లు ఆనించి తీసే పుష్-అప్‌లకు మారాను. కేంద్ర ప్రభుత్వ క్రీడా కార్యక్రమం ఖేలో ఇండియా వాళ్లు బడి ఆడపిల్లలకు పెట్టేదీ అదే. అప్పుడు చేతుల మీద పడేది ఒంటి బరువులో సగం పైచిలుకే. ఒకమ్మాయి గబగబా 31 తీసేసింది. చూస్తే ఛాతీ కిందికి దిగనే లేదు! మర్నాడు బోర్డు తుడిచే డస్టర్ ఛాతీ కింద పెట్టి, తగిలితేనే లెక్క అన్నాను. ఫోన్‌లో టిక్ టిక్ పెట్టి మూడు సెకన్లకొకటి తీయమన్నాను. అదే అమ్మాయి 9 దగ్గర ఆగిపోయింది.

ఇంకో పిల్లకు ఇవి నాలుగే వచ్చాయి. చేత్తో పిండే గ్రిప్ మీటర్ ఇస్తే మాత్రం క్లాసులో అందరికన్నా ఎక్కువ చూపించింది. సెలవుల్లో చేలో శెనక్కాయ చెట్లు పీకే చేతులవి. ఒక్కసారి పెట్టే బలం వేరు, అలవకుండా మళ్లీ మళ్లీ చేసే ఓర్పు వేరు. గ్రిప్ మీటర్‌లో, మెడిసిన్ బాల్ అనే బరువైన బంతి విసరడంలో మొదటిది తెలుస్తుంది. పుష్-అప్‌లు, వేలాడటం ఎక్కువగా రెండోదాన్ని చూపిస్తాయి. ఒళ్లు బరువుంటే వీటిలో లెక్క తగ్గుతుంది, అదీ గుర్తుంచుకోండి.

మీరు ఇంట్లో డస్టర్ పెట్టుకుని మోకాళ్ల పుష్-అప్ తీసి, తేదీ వేసి రాసుకోండి. ఆరు వారాలకు అదే డస్టర్, అదే టిక్ టిక్‌తో మళ్లీ చూడండి. వేలాడటం మాత్రం పొద్దున్నే చేయండి. మన ఎండకు పదకొండు దాటితే ఇనుప బార్ పట్టుకోలేం.

ఈవెంట్స్ గురించైతే టెన్షన్ వద్దు. మన ఆంధ్రప్రదేశ్‌లో వాటిలో పుష్-అప్‌లు లేవు. 1600 మీటర్ల పరుగు, 100 మీటర్లు, లాంగ్ జంప్ మీదే దృష్టి పెట్టండి.