బారిటన్ ట్రయోకి కూర్చునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వయోలాకి, నీ స్నేహితుడి చెల్లోకి తోడు బారిటన్ అనే పాత తంతి వాద్యం వాయించేవారు దొరికారని రాశావు. స్వరకర్త హైడన్ ఈ మూడు వాద్యాలకీ కలిపి రాసిన ట్రయోలు నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలమ్మా! కాకపోతే కాగితాలు ముందేసుకుని వెంటనే మొదలెట్టకండి. మొదటి గంట శ్రుతికే పోతుంది, పోనివ్వండి.

ముందు ఆ వాద్యాన్ని దగ్గరగా చూడు. ముందువైపు ఆరో ఏడో పేగు తంతులుంటాయి, వాటిని కమానుతో వాయిస్తారు. దండి వెనక బోలుగా ఉంటుంది, అందులో లోహపు తీగలుంటాయి. వీణకి తాళం తీగల్ని చిటికెనవేలితో మీటినట్టు, వీటిని ఎడమచేతి బొటనవేలితో వెనకనుంచి మీటుతారు. మీటనప్పుడు సారంగి తరఫ్ తీగల్లా వాటంతటవే మోగుతాయి. అసలు అందమంతా ఆ మోతలోనే ఉంది. మీరిద్దరూ దాన్ని చెడగొట్టకుండా వాయించగలిగితే సగం పని అయినట్టే.

శ్రుతి ఎక్కడ పెట్టాలో బారిటన్ వాయించేవారినే అడగండి. ఎ స్వరం సెకనుకి 415 కంపనాలంటే 415, 430 అంటే 430. మీకు అలవాటు కదా అని 440కి లాగమంటే సన్న తీగ తెగి చేతికొస్తుంది. పేగు తంతిని తేమ కదుపుతుంది, లోహపు తీగని వేడి కదుపుతుంది. అందుకని గది మారితే ఒకటి సరిగ్గా ఉన్నా రెండోది తప్పుతుంది. పేగు తంతులు ముందు, లోహపు తీగలు తర్వాత. ఒక్కో తీగ సరిపోయిందో లేదో తెలియాలంటే అదే స్వరాన్ని కమానుతో పొట్టిగా వాయించి ఎత్తేయమను. కమాను ఆగాక కూడా సన్నగా నాదం సాగితే తీగ కలిసినట్టు. ఠక్కున ఆగిపోతే కలవలేదు. ఆ తర్వాతే మీ వంతు. దానికి మెట్లు ఉన్నాయి, మీకు లేవు కాబట్టి సర్దుకోవాల్సింది మీరే. పై తీగ నుంచి కిందికి ప్రతి స-ప జంటనీ శుద్ధంగా పెట్టుకుంటూ పోతే చెల్లో అడుగు తీగ బారిటన్‌కి దిగువగా పడుతుంది. ఒక్కో జంట వెంట్రుకవాసి ఇరుకుగా ఉంచండి.

ఇక అందరూ పడే గొయ్యి ఇది. బారిటన్ స్వరలిపి ట్రెబుల్ క్లెఫ్‌లో, అంటే పై స్వరాలకి వాడే గుర్తుతో, ఉంటుంది, కానీ మోగేది ఒక స్థాయి కింద. కాగితం మీద పైన కనిపించే రాగం నిజానికి చాలాచోట్ల నీ వయోలా కిందే నడుస్తుంది. నువ్వు మామూలు బలంతో వాయిస్తే దాన్ని కప్పేస్తావు. కమాను బరువు తగ్గించు, వైబ్రాటో, అంటే వేలితో స్వరాన్ని ఊపడం, దాదాపు వద్దు. బారిటన్ దొరకని రోజున దాని బదులు దానికి చుట్టమైన వయోలా ద గాంబా పెట్టుకోండి, అదీ లేకపోతే ఇంకో చెల్లో. రాసిన ఎత్తులోనే వయొలిన్ వాయిస్తే నీ భాగం మధ్య గొంతుగా మారిపోయి అల్లిక తలకిందులవుతుంది.

మీటే చోట్ల స్వరాల దగ్గర అంకెలు వేసి ఉంటాయి, ఏ తీగో చెప్పడానికి. ఆ బార్లు (స్వరలిపిలో నిలువు గీతల మధ్య గడులు) నీ కాగితం మీద కూడా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. అక్కడ మీరిద్దరూ గుసగుసలా వాయించాలి. మీటిన తీగ వెంటనే ఆగదు, తర్వాతి స్వరంలోకి దాని మోత పాకుతుంది. లయ తొందరైతే అంతా బురదలా కలిసిపోతుంది. అందుకే వేగం నిర్ణయించేది ఆ బొటనవేలే, మీ కమాను కాదు.

ఈ ట్రయోలు ఎక్కువగా డి, ఎ, జి మేజర్‌లలోనే ఎందుకుంటాయో తెలుసా? మీటే తీగలకి ముందే కట్టిన స్వరాలు అవే కాబట్టి. పైగా బారిటన్ వాయించింది నికోలాస్ ఎస్టర్‌హాజీ ప్రభువే. గాంబాకి ఇంకా ఎక్కువ రాయమని 1765లో హైడన్‌కి హుకుం వచ్చింది; అందులో గాంబా అన్నది ఈ బారిటన్‌నే. హైడన్ రచనలకి అంకెలు వేసిన హోబోకెన్ జాబితాలో ఈ ట్రయోలు 126 సంఖ్య దాకా వెళ్తాయి. బారిటన్ భాగంలో ప్రభువు చేతికి అందనిది పెద్దగా ఉండదు, భయపడక్కర్లేదు.

ఐదో ట్రయోతో మొదలెట్టండి. స్వరకర్త గ్లుక్ ఆర్ఫియస్ ఆపెరాలోని పాట నీకు తెలిసే ఉంటుంది, దాని ఛాయ అందులో పట్టుకోవచ్చు. 97వ ట్రయో మాత్రం ఆర్నెల్ల తర్వాత. ఏడు భాగాలున్న కచేరీ అది, చివర ఫ్యూగ్, అంటే ఒకే రాగాన్ని ఒకరి వెనక ఒకరు అందుకునే అల్లిక. అక్కడ ముగ్గురూ ఒకరి గొంతు ఒకరు వినాలి.

కూర్చునేటప్పుడు బారిటన్‌ని మధ్యలో పెట్టి, ఇద్దరూ కాస్త వెనక్కి జరగండి. తీగలు ఒక జత అదనంగా ఉన్నాయో లేదో ముందురోజే అడుగు.

నీ
బాబాయి