ఫోన్‌లో చూసిన ఎరుపు పౌచ్ మీదికి రాదు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఇంట్లోనే కందిపొడి, కరివేపాకు పొడి చేసి అమ్ముతున్నాం. పౌచ్‌లు పీణ్యలోని ప్రెస్‌లో అచ్చు వేయించాం. ఫోన్‌లో చూసి ఓకే చెప్పిన పండుమిరప ఎరుపు, తీరా ఇటుక రంగులో వచ్చింది. ప్రెస్ వాళ్లు ‘డాట్ గెయిన్ అంతే, డెల్టా ఈ రెండున్నరే’ అంటున్నారు. డబ్బు ఆపమంటారా?

జవాబు: ఆపకండి. తప్పులో మీ వంతూ ఉంది. పచ్చళ్ల వాళ్లు, బేకరీ వాళ్లు, అగరుబత్తుల వాళ్లు, అందరూ నాకు ఇదే రాస్తున్నారు. అందరూ ఫోన్‌లో చూసే ఓకే అన్నారు.

మీ పౌచ్‌లు అచ్చయిన ఫ్లెక్సో పద్ధతిలో ప్లేట్ రబ్బరు స్టాంపులా మెత్తగా ఉంటుంది. రంగు చిన్న చిన్న చుక్కలుగా పడుతుంది. ఒత్తిడికి చుక్క నలిగి, అనుకున్నదానికన్నా పెద్దదిగా పడుతుంది. అదే డాట్ గెయిన్. ఎరుపులో కలిపిన నలుపు చుక్క అలా ఉబ్బితే ఇటుక రంగే వస్తుంది. ఎంత ఉబ్బుతుందో ముందే కొలిచి ప్లేట్ చేసేటప్పుడే చుక్క తగ్గించడం ప్రెస్ వాళ్ల పని. ‘అంతే’ అని వదిలేసేది కాదు.

డెల్టా ఈ అంటే రెండు రంగుల మధ్య తేడాకు అంకె. రెండున్నర మంచి అంకే. కానీ దేనితో పోల్చి రెండున్నర? మీరు సంతకం పెట్టిన నమూనా ఏదీ లేదు. పైగా ఆ తేడాను 1976 నాటి సూత్రంతో లెక్కిస్తే ఒక అంకె, 2000 నాటి సూత్రంతో ఇంకో అంకె వస్తాయి. ముదురు ఎరుపులో ఆ తేడా బాగా కనిపిస్తుంది. ఏ నమూనాతో, ఏ సూత్రంతో అన్నది ఆర్డర్ కాగితం మీదే రాయించుకోండి.

ఇక ఫోన్ తెరల సంగతి. చాలా ఫోన్లు కొన్న రోజు నుంచే రంగులు రెచ్చగొట్టి చూపించే మోడ్‌లో ఉంటాయి. కొన్ని సాయంత్రమైతే కళ్లకు మేలని పసుపు పులుముతాయి. ఒక్కోసారి అప్‌డేట్ తర్వాత ఆ సెట్టింగ్ చెప్పకుండానే మారిపోవచ్చు. చూసేది నిజం రంగో కాదో జనానికి చెప్పాలన్న పట్టింపు తయారీదారుల్లో చాలామందికి లేకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. రంగుకు ఓకే చెప్పాల్సింది పౌచ్‌కు వాడే అదే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద వేసిన ముక్కను పగటి వెలుగులో చూసి.

రంగు మరీ పెద్ద సమస్య కాదు. వచ్చే విడతలో దిద్దుకోవచ్చు. మీరు పంపిన ఫొటోలో నన్ను భయపెట్టింది వెనకవైపు ఉన్న క్యూఆర్ కోడ్. స్కాన్ చేశాను. మీ సైటుకు నేరుగా వెళ్లడం లేదు. ఉచితంగా దొరికే పొట్టి లింకు ఒకటి మధ్యలో ఉంది. దాన్ని బహుశా మీ డిజైనర్ తన ఖాతాలో చేసి ఉంటాడు. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లు ఆ కోడ్‌ను ఎటైనా తిప్పగలరు. మీ పౌచ్ మీది కోడ్ కాబట్టి కొన్నవాళ్లు నమ్ముతారు, అడిగినచోట ఫోన్ నంబరు ఇస్తారు, డబ్బు కడతారు. ఆ లింకు సంస్థ మూతపడినా, దాని వెబ్ చిరునామా గడువు తీరాక ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. అప్పటికి మీ పౌచ్‌లు ఎన్నో వంటింట్లో ఉంటాయి, ఒక్కటీ వెనక్కి తెప్పించలేరు.

మీ పేరున సొంత వెబ్ చిరునామా కొనండి, రెన్యూవల్ ఆటోమేటిక్‌గా పెట్టండి, రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. కోడ్‌లో ఆ చిరునామానే నేరుగా పెట్టించండి. ప్లేట్‌కు వెళ్లే పీడీఎఫ్ నుంచి ఒకసారి, పొడి నింపి ముడతలు పడ్డ పౌచ్ నుంచి ఒకసారి, చవక ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. బార్‌కోడ్‌ను మాత్రం ఎరుపులో వేయించకండి. షాపుల్లో స్కానర్లు చాలావరకు ఎర్ర కాంతితోనే చదువుతాయి, వాటికి ఆ గీతలు తెల్లగానే కనిపిస్తాయి.

ఖర్చుకు జంకకండి. ఫ్లెక్సోలో రంగుకో ప్లేట్. మీ కోడ్ నలుపులో మాత్రమే ఉంది కనుక నల్ల ప్లేట్ ఒక్కటి మార్పిస్తే చాలు. రెండో విడత ఎక్కించకముందే ఆ పని చేయించండి.