పాఠకుల ప్రశ్నలు: జపనీస్ రాతకు ఏఐ దిద్దుబాటు

ప్రశ్న: జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి పాసయ్యాను. రోజూ పది వాక్యాలు రాసి చాట్‌జీపీటీకి ఇస్తున్నాను. అది దిద్దింది చూస్తే నేను రాసినట్టే ఉండదు. సగం మాటలు నాకే తెలియవు. ఎట్లా వాడుకోవాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఉత్త "కరెక్ట్ చెయ్యి" అంటే అది మొత్తం తిరగరాసేస్తుంది. అడిగే తీరు మార్చండి. "రాసింది ఎన్4 విద్యార్థి. వాక్యాలు తిరగరాయొద్దు. తప్పున్న చోటు చూపించి, కారణం తెలుగులో ఒక్క వరుసలో చెప్పు. తప్పు కాకపోయినా జపాన్‌వాళ్లు అట్లా అనని వాటిని విడిగా చెప్పు" అనండి. ఎవరికి రాస్తున్నారో కూడా చెప్పాలి. లేకుంటే మర్యాదగా మాట్లాడే దేసు-మాసు వాక్యాల మధ్య, దగ్గరివాళ్లతో వాడే మామూలు రూపాలు కలిసిపోతాయి. ఒకసారికి ఐదారు వాక్యాలు చాలు. చూపించిన తప్పును మీ చేత్తో మీరే సరిచేసి మళ్లీ ఇవ్వండి. దిద్దిన ప్రతిని కాపీ చేసుకుంటే చేతికి ఏమీ అంటదు.

ప్రతి వాక్యం కింద మీరు అనుకున్న అర్థం తెలుగులో రాయడం మానొద్దు. "తొమొదాచి గ హొన్ ఒ అగెమషిత" అని రాశారనుకోండి. వ్యాకరణంలో తప్పు లేదు, ఏఐ వదిలేస్తుంది. కానీ దానర్థం స్నేహితుడు ఇంకెవరికో పుస్తకం ఇచ్చాడని. మీకిస్తే "కురెమషిత" అనాలి. తెలుగులో రెండూ "ఇచ్చాడు"లే కాబట్టి మనవాళ్లు ఇక్కడే జారతారు. మన "లో" కూడా అంతే: కావలిలో ఉంటే "కావలి ని సుందె ఇమసు", అక్కడే పని చేస్తే "కావలి దె హతరైతె ఇమసు". ఈ "ని", "దె" తప్పులను ఏఐ బాగానే పట్టుకుంటుంది. "వ", "గ" అనే విభక్తుల తేడా దగ్గర మాత్రం జాగ్రత్త. దిద్దుబాటు సరిగ్గా ఉన్నా చెప్పే కారణం తప్పు కావచ్చు. "ఇది తప్పు కాదేమో" అంటే వెంటనే మాట మార్చేస్తుంది కూడా. అనుమానమొస్తే కొత్త చాట్ తెరిచి, మీ అభిప్రాయం చెప్పకుండా అదే వాక్యం అడగండి.

ప్రశ్న: పలకరింపుగా నేను రాసే "కొన్నిచివ"ను ఏఐ ప్రతిసారీ తప్పంటోంది. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేస్తాను.
– ఒంగోలు పాఠకుడు

జవాబు: అది చెప్పిందే నిజం. పలికేది "వ", రాసే అక్షరం "హ". డబ్ల్యూ-ఏ కాదు, హెచ్-ఏ కొట్టాలి. విభక్తి "వ"కూ అంతే. కర్మను చూపే "ఒ"కి డబ్ల్యూ-ఓ, దిక్కు చూపే "ఎ"కి హెచ్-ఈ. "న్" తర్వాత అచ్చు వస్తే ఎన్ రెండుసార్లు నొక్కండి. పొగతాగరాదనే "కిన్-ఎన్"కు ఒక్క ఎన్ కొడితే జ్ఞాపకార్థమనే "కినెన్" పడుతుంది. ఆ మాటతోనూ వాక్యం అతికితే ఏఐ పసిగట్టదు.

ప్రశ్న: డిసెంబరులో చెన్నైలో జేఎల్‌పీటీ రాస్తున్నా. ఈ సాధన మార్కులకు పనికొస్తుందా?
– కోవూరు

జవాబు: ఆ పరీక్షలో వ్యాసం రాసేదే లేదు, అన్నీ ఇచ్చిన జవాబుల్లో సరైనదానికి గుర్తు పెట్టేవే. నాలుగు ముక్కలను వరుసలో పెట్టి, నక్షత్రం గుర్తున్న చోట ఏది వస్తుందో అడిగే ప్రశ్నలకు కొంత పనికొస్తుంది. అట్లాంటి ప్రశ్నలను ఏఐతోనే తయారు చేయించొద్దు. రెండు జవాబులూ సరైనవే అయ్యేట్టు తయారు చేస్తుంటుంది. జేఎల్‌పీటీ వెబ్‌సైట్‌లో నమూనా ప్రశ్నలు ఉచితంగానే ఉన్నాయి.