తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? సైన్స్ ఫిక్షన్ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సిరీస్ గురించి, క్రిస్టఫర్ రుయోకియో రాసిన సన్ ఈటర్. 2018లో మొదలై 2025లో ఏడో పుస్తకంతో అయిపోయింది కాబట్టి, పూర్తయ్యాక చదువుదాంలే అని ఆగినవాళ్లంతా ఇప్పుడు మొదలుపెట్టినట్టున్నారు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. వేల ఏళ్ల తర్వాతి కాలం, నక్షత్రాల మధ్య పరుచుకున్న సోలన్ సామ్రాజ్యం, మనుషుల్ని తినే ఒక ఏలియన్ జాతితో తరాల తరబడి నడుస్తున్న యుద్ధం, కాలిపోయిన భూమిని తల్లిదేవతగా కొలిచే చాంట్రీ అనే చర్చి. హేడ్రియన్ మార్లో అనేవాడు ముసలితనంలో కూర్చుని తన కథ తనే రాసుకుంటుంటాడు. ఒక సూర్యుణ్ణి నాశనం చేసి 400 కోట్ల మంది చావుకి కారణమైంది తనే అన్న సంగతి పుస్తకం వెనక అట్ట మీదే ఉంటుంది కాబట్టి అది చెప్తే కథ చెడగొట్టినట్టు కాదు. మిగతావి జాగ్రత్తగానే చెప్తా.

ప్రశ్న: మొదటి పుస్తకం 200 పేజీలు అయింది, ఇంకా యుద్ధం లేదు, ఏలియన్లు లేరు, ఒక కుర్రాడూ వాళ్ల నాన్నా గొడవపడుతున్నారు అంతే. ఆపేయనా?

జవాబు: ఆపకండి. మీరు చెప్పింది నిజమే, మొదటి పుస్తకం చాలా నెమ్మది, పాత సైన్స్ ఫిక్షన్ బాగా చదివినవాళ్లకి ఇది ఎక్కడో చూశామే అని కూడా అనిపిస్తుంది, ఆ కంప్లయింట్ నాకూ ఉండేది. కానీ ఆ తండ్రీకొడుకుల గొడవ ఏంటో ఒకసారి చూడండి. కొడుక్కి చదువు మీద ప్రాణం, పండితుల మఠంలో చేరాలని ఆశ, తండ్రేమో వాణ్ణి చాంట్రీకి పంపాలని డిసైడ్ అయిపోతాడు, భక్తి ఉండి కాదు, చర్చిలో మన ఇంటివాడు ఒకడుంటే రేపు పనికొస్తాడని. చాంట్రీ అంటే పూజలొక్కటే కాదు, విచారణలు, చిత్రహింసలు కూడా వాళ్ల పనే, ఆ సంగతి తండ్రికి బాగా తెలుసు, తెలిసే పంపుతున్నాడు. అంటే యుద్ధం కనపడకపోయినా సామ్రాజ్యమూ చర్చీ ఎలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయో ఆ డైనింగ్ టేబుల్ దగ్గరే మొత్తం చెప్పేశాడు రైటర్. రెండో పుస్తకం హౌలింగ్ డార్క్ నుంచి కథ అందుకునే స్పీడ్ వేరు. కనీసం అక్కడిదాకా వెళ్లి అప్పుడు చెప్పండి.

ప్రశ్న: నక్షత్రాల మధ్య తిరిగే ఓడలున్న కాలంలో కూడా చక్రవర్తి, జమీందార్లు, వంశాలు ఏంటండీ? అన్ని వేల ఏళ్లలో మనిషి ఇంకేం నేర్చుకోలేదా?

జవాబు: నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. దీనికి జవాబు రాజకీయంలో కన్నా దూరంలో ఉందని నేననుకుంటా. సూర్యుడి తర్వాత మనకి అన్నిటికన్నా దగ్గర నక్షత్రమే 4.24 కాంతి సంవత్సరాల దూరం, మన గెలాక్సీ ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు లక్ష కాంతి సంవత్సరాలు. సన్ ఈటర్‌లో ఓడలు కాంతిని మించి పోతాయి, అయినా సరే ఒక్కో ప్రయాణానికి ఏళ్లకేళ్లు పడుతుంది, జనాన్ని గడ్డకట్టించి నిద్రపుచ్చి తీసుకెళ్తారు, లేచేసరికి అవతల ఒక తరం మారిపోయి ఉంటుంది. సైన్యం రావడానికి అన్నేళ్లు పట్టే చోట పొద్దున్న లేచి నిర్ణయాలు తీసుకునేవాడు అక్కడే ఉండాలి కదా, వాడి చేతిలో సైన్యం ఉండాలి, పన్ను వసూలు ఉండాలి, వాడు పోతే వాడి కొడుకు ఉండాలి. ఇంకేముంది, జమీందారు తయారు.

చరిత్రలో జరిగిందే ఇది. 1815 జనవరి 8న న్యూ ఆర్లీన్స్ దగ్గర బ్రిటిష్, అమెరికన్ సైన్యాలు ఘోరంగా కొట్టుకున్నాయి, కానీ రెండు వారాల ముందే, 1814 డిసెంబర్ 24న, యూరప్‌లో సంధి మీద సంతకాలు అయిపోయాయి, ఆ కబురు సముద్రం దాటి రాలేదంతే. స్పెయిన్ రాజులు అమెరికా ఖండాన్ని ఏలినప్పుడు ఇంకో పద్ధతి ఉండేది, నాకది చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. రాజుగారి ఉత్తరం వస్తే అక్కడి అధికారి దాన్ని ముద్దుపెట్టుకుని నెత్తిన పెట్టుకుంటాడు, పెట్టుకుని, లోబడుతున్నాను కానీ అమలు చెయ్యను అంటాడు. శిరసావహించడం అంటే అక్షరాలా అదే కదా, నెత్తిన పెట్టుకున్నాడు, పని మాత్రం చెయ్యలేదు! అది తిరుగుబాటు కూడా కాదు, ఇక్కడి పరిస్థితి తమరికి తెలీదు ప్రభూ అని చెప్పుకునే ఒప్పుకున్న పద్ధతి. ఇలాంటి కథల్లో గవర్నర్ చక్రవర్తి బొమ్మకి దండం పెట్టి తన పని తను చేసుకుపోయే సీన్ వచ్చినప్పుడు ఈ ఉత్తరాన్ని గుర్తు తెచ్చుకోండి.

ప్రశ్న: ఇలాంటి ప్రతి సిరీస్‌లో చర్చిని ఎందుకు కుళ్లిపోయినట్టు చూపిస్తారు? నేను దేవుణ్ణి నమ్మే మనిషిని, చదువుతుంటే బాధగా ఉంటుంది. ఇది మతాన్ని తిట్టడం కాదా?

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, అందుకే దీనికి కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటున్నా.

కొన్ని పుస్తకాలు ఊరికే తిడతాయి, కాదనను. అలాంటివి నాకూ నచ్చవు. కానీ మంచి రచయితలు చూసేది దేవుడు ఉన్నాడా లేడా అని కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుంది అని. జనానికి ప్రాణంతో సమానమైనది ఏదో ఒకటి ఉంటుంది, దాని గది తాళం ఒక సంస్థ చేతిలో పడుతుంది, అక్కడ్నించి మొదలవుతుంది కుళ్లు. సన్ ఈటర్‌లో ఆలోచించే యంత్రాలు మహాపాపం, ఏ యంత్రం పాపమో ఏది కాదో చెప్పేది చాంట్రీ, కాబట్టి ఎంత పెద్ద జమీందారైనా చాంట్రీ అంటే వణకాల్సిందే. డాన్ సిమన్స్ 1996లో రాసిన ఎండిమియన్‌లో ఇంకా ఘోరం, అక్కడ చర్చి చచ్చిపోయినవాళ్లని నిజంగానే మళ్లీ లేపుతుంది, కాకపోతే శిలువ ఆకారంలో ఉండే ఒక పరాన్నజీవిని ఒంట్లోకి ఎక్కించుకుని చర్చికి లొంగి ఉన్నవాళ్లని మాత్రమే. ఇక ఎవడు ఎదురు మాట్లాడతాడు చెప్పండి? మీరు నేను మాట్లాడతామా, పక్కన పిల్లలున్నప్పుడు?

అసలు చరిత్రలో ఈ తాళంచెవి ఎలా ఉండేదో చూడాలంటే 1454, 55 నాటి ఒక కాగితం ఉంది. గూటెన్‌బర్గ్ కాలం, అచ్చుయంత్రం అప్పుడే పుట్టింది, జర్మనీలోని మైన్జ్ ఊళ్లో తొలినాళ్లలో అచ్చయినవాటిలో ఇండల్జెన్స్ కాగితాలున్నాయి, అంటే పాపానికి పడాల్సిన శిక్షని మాఫీ చేసే పత్రాలు. సైప్రస్‌ని టర్కుల నుంచి కాపాడే యుద్ధానికి డబ్బు ఇచ్చినవాళ్లకి ఇచ్చేవి. ఆ కాగితం మీద మేటర్ అంతా అచ్చు వేసేసి పేరు దగ్గరా తేదీ దగ్గరా ఖాళీ వదిలేశారు, ఎవరొచ్చి డబ్బు కడితే వాళ్ల పేరు చేత్తో రాసిచ్చేస్తారు. ఆ ఖాళీ గడి చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే ఆ డబ్బు తెచ్చినావిడ భక్తి నిజం, చచ్చిపోయాక ఏమవుతుందో అన్న భయం నిజం. 1517కి వచ్చేసరికి పోపు రోమ్‌లో సెయింట్ పీటర్స్ కట్టడానికని చెప్పి అమ్మించిన పత్రాల డబ్బులో సగం, ఒక ఆర్చ్‌బిషప్ పదవి కోసం ఫుగ్గర్ అనే బ్యాంకు కుటుంబం దగ్గర చేసిన అప్పు తీర్చడానికి పోయేది. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ ఆ అమ్మకాల మీదే మండిపడ్డాడు. ఆయన కూడా దేవుణ్ణి నమ్మని మనిషేం కాదు కదా, సన్యాసి, నమ్మాడు కాబట్టే కోపం వచ్చింది.

ఇంకో మనిషి గురించి మీకు చెప్పాలి. ఫ్రీడ్రిష్ ష్పే అని జర్మనీలో జెస్యూట్ ఫాదర్. మంత్రగత్తెలని చెప్పి ఆడవాళ్లని చిత్రహింసలు పెట్టి తగలబెడుతున్న రోజుల్లో, 1631లో, పేరు వేసుకోకుండా ఒక పుస్తకం తెచ్చాడు. హింస పెడితే ఎవరైనా ఒప్పుకుంటారు, కాబట్టి ఆ ఒప్పుకోలుతో ఏ నిజమూ తేలదు, అదీ ఆయన వాదన. నాలుగేళ్లకి, జబ్బుపడ్డ సైనికులకి సేవ చేస్తూ ప్లేగు అంటుకుని పోయాడు. చర్చి లోపలే ఉండి, చర్చి మనిషిగానే ఆ మాట అన్నాడు. నా మటుకు నాకు ఒక సిరీస్ మతాన్ని తిడుతోందా లేక నిజాయితీగా రాసిందా అని చూడటానికి ఇదే గుర్తు: ఆ కథలో ష్పే లాంటి మనిషికి చోటు ఉందా లేదా అని. లేకపోతే మీ బాధ కరెక్టే, ఆ పుస్తకం పక్కన పెట్టేయండి.

ప్రశ్న: అంతరిక్షంలో కత్తులెందుకు?

జవాబు: షీల్డ్ వల్ల. ఒంటి చుట్టూ ఉండే ఆ కవచం వేగంగా వచ్చేదాన్ని ఆపుతుంది, నెమ్మదిగా వచ్చేదాన్ని ఆపదు, అందుకని తుపాకీ పని చెయ్యదు కత్తి పని చేస్తుంది. 1965లో వచ్చిన డ్యూన్ నవలలోనే ఈ ఐడియా ఉంది. దీనివల్ల రచయితకి కలిసొచ్చేది ఏంటంటే చంపేవాడు చచ్చేవాడి మొహం చూడాల్సి వస్తుంది.

ప్రశ్న: చర్చిని మంచివాళ్లు వాడుకున్న కథ ఏదైనా ఉందా? ఎప్పుడూ విలన్లేనా?

జవాబు: ఉంది, అసిమోవ్ ఫౌండేషన్ చదవండి. కథలుగా 1942 నుంచి వచ్చాయి, పుస్తకంగా 1951లో. గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతనం చరిత్ర నుంచి పుట్టిన ఆలోచన అది. అందులో సామ్రాజ్యం కూలిపోతుంటే చిన్న గ్రహం ఒకటి తనని తాను కాపాడుకోవడానికి అణుశక్తి పరిజ్ఞానాన్ని మతంగా మార్చి చుట్టుపక్కల రాజ్యాలకి ఇస్తుంది. అక్కడి పూజారులకి మెషీన్ ఎలా నడపాలో తెలుసు, ఎందుకు నడుస్తుందో తెలీదు, స్విచ్ వెయ్యడం వాళ్లకి ఒక పూజ. పొరుగు రాజ్యం ఒకటి దండెత్తుతుంది, ఆ రాజ్యం ఓడలోనే ఉన్న పూజారి నిలబడి శపిస్తాడు, ఓడ మొత్తం ఆగిపోతుంది. చదివే మనం చప్పట్లు కొడతాం, మనవాళ్లు గెలిచారు కదా! కానీ ఒక్క నిమిషం ఆగి ఆ పూజారి గురించి ఆలోచించండి, అతను మనస్ఫూర్తిగా నమ్మాడు, అతనికి చెప్పిందంతా కట్టుకథ. తాళంచెవి మంచివాళ్ల చేతిలో ఉన్నా అది తాళంచెవే. రచయిత ఆ విషయం మీద ఎక్కువ ఆగలేదు, ఇంకొంచెం ఆగి ఉంటే బాగుండేదని నా కోరిక.

ప్రశ్న: నేనే ఒక నవల రాస్తున్నా, అంతరిక్ష సామ్రాజ్యం, యుద్ధం, ప్రధాన పూజారి విలన్. మూడో చాప్టర్‌లో యుద్ధం మొదలవుతుంది. పూజారిది బంగారు సింహాసనం, తాగుతాడు, లంచాలు తింటాడు, దేవుడు లేడని లోపల్లోపల నవ్వుకుంటాడు. ఫ్రెండ్స్ చదివి భయం వెయ్యట్లేదంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: మీరు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. భాష బాగుంది, ఓడల వర్ణన చాలా బాగుంది. పూజారి విషయంలో మీ ఫ్రెండ్స్ చెప్పిందే కరెక్ట్. ఎందుకంటే తాగుబోతుని, లంచగొండిని చూస్తే పాఠకుడికి అసహ్యం వేస్తుంది తప్ప భయం వెయ్యదు, వాడికి డబ్బు పడేస్తే పని అయిపోతుందని తెలుసు కదా. భయం వేసేది డబ్బుకి లొంగనివాడు, నేను చేస్తున్నది నీ మంచికే అని నమ్మేవాడు.

సింహాసనం తీసేయండి. ఆయన్ని ఒక మామూలు గదిలో కూర్చోబెట్టండి. 1621లో ఇటలీలో చర్చి విచారణాధికారుల కోసం, అంటే మతానికి ఎదురు తిరిగారని జనాన్ని విచారించేవాళ్ల కోసం, అచ్చయిన ఒక గైడ్ ఉంది, అందులో నోటరీకి ఒక పని చెప్తారు: హింస పెడుతున్నప్పుడు ముద్దాయి మాటలు మాత్రమే కాదు, నిట్టూర్పులు, కేకలు, ఏడుపు, కన్నీళ్లు, అన్నీ రాసుకోవాలని. అంతకు చాలా ముందే, 1252లో, పోపు ఇచ్చిన ఆజ్ఞలో హింసకి హద్దులు కూడా పెట్టారు, అవయవం పోకూడదు, ప్రాణం మీదకి రాకూడదు అని. వాళ్ల లెక్కలో వాళ్లు రూల్ తప్పకుండా, దయగానే చేస్తున్నారు. సన్ ఈటర్ మొదటి పుస్తకంలో కూడా నన్ను వదలని సీన్ ఇలాంటిదే, పట్టుబడ్డ ఏలియన్‌ని చాంట్రీ హింస పెడుతుంటే హీరో పక్కన అనువాదకుడిగా నిలబడాల్సి వస్తుంది, ఆ భాష వచ్చినవాడు వాడే. చిన్నప్పట్నుంచి ప్రేమగా నేర్చుకున్న భాష అది, దానితో చెయ్యాల్సి వచ్చిన పని ఇది.

మీ కథలో మీ హీరోయిన్ లిపి నేర్చుకున్న అమ్మాయి అని రాశారు కదా, ఆమెనే ఆ నోటరీ చెయ్యండి. పూజారి ఆమెతో మర్యాదగా మాట్లాడాలి, చలిగా ఉంటే తన శాలువా ఇవ్వాలి, ఆ రోజు ఉదయం నిజంగానే ప్రార్థన చేసుకుని వచ్చి ఉండాలి. ముద్దాయి ఏడుస్తాడు. ఆమె కలం ఆగుతుంది. ఆయన ఓపిగ్గా వంగి కాగితం చూసి, ఏడుపు రాయడం మర్చిపోయావమ్మా అంటాడు, అంతే, ఇంకేం చెయ్యనక్కర్లేదు. ఆమె రాస్తుందా రాయదా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే మొదటిసారి రాస్తుంది. ఆ సీన్ మాత్రం యుద్ధం మొదలయ్యే మూడో చాప్టర్‌కి ముందే పెట్టండి, అప్పుడు ఓడలు బయల్దేరేటప్పుడు వాటిని దీవించే చెయ్యి ఎవరిదో చదివేవాళ్లకి తెలిసి ఉంటుంది.