మేనకోడలికి ఉత్తరం: ముందు పారబోసిన గుట్ట చూడు

చీపురుపల్లి

బుజ్జమ్మా,

నీకు మాంగనీస్ గనిలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మీ అత్త వీధిలో కనపడిన ప్రతివాళ్లకీ "మా ఆడపడుచు కూతురు గనిలో ఆఫీసరయింది" అని చెప్తోంది. ట్రైనీ అని నేను సరిచేస్తే కోపం. ఆవిడ సంగతి అలా ఉంచు. "మావయ్యా, మొదటి నెల ఏం చూసుకోవాలో చెప్పు" అని అడిగావు కదా. ఫోన్లో చెప్తే సగం వినవు, అందుకే రాస్తున్నాను.

చేరిన రోజు నీకు గని చూపిస్తారు, క్రషర్ చూపిస్తారు, జిగ్గు చూపిస్తారు (నీళ్లలో ఊపి బరువైన ఖనిజాన్ని తేలిక రాయి నుంచి విడదీసే యంత్రం). ఆఖర్న కడిగి ఆరబెట్టిన నల్లటి సరుకు కుప్పల ముందు నిలబెట్టి ఫొటో తీస్తారు. తీయించుకో, మీ అమ్మకి పంపు. మర్నాడు మాత్రం ఒక్కదానివే జిగ్గు వెనక్కి వెళ్లి, పనికిరాదని పారబోసిన గుట్ట దగ్గర ఒక గంట కూర్చో. గనిలో జరిగిన పొరపాటు, క్రషర్ దగ్గర జరిగిన పొరపాటు, జిగ్గు మీద జరిగిన పొరపాటు అన్నీ చివరికి వచ్చి చేరేది ఆ గుట్టలోకే. సరుకు కుప్పని అందరూ కడిగి ముస్తాబు చేస్తారు. దీన్ని ఎవరూ ముస్తాబు చెయ్యరు.

ఇది నాకు నేర్పింది ఏ ఇంజనీరూ కాదు, మీ అమ్మమ్మ. నా చిన్నప్పుడు గర్భాం వైపు గనిలో చేతిసుత్తితో రాయి కొట్టి ఏరేది. ఏరిన కుప్పకి ఇంత అని కూలి. మేస్త్రీ వచ్చి ఆ కుప్ప కొలుచుకుని వెళ్లిపోయేవాడు. పారేసిన రాళ్ల వైపు చూసేవాడు కాదు. మీ అమ్మమ్మ మాత్రం ఇంటికి బయల్దేరే ముందు ఆ పారేసిన వాటిలోంచి నాలుగు రాళ్లు తీసి అరచేతిలో ఎగరేసి చూసేది. సైజుకి మించి బరువు తగిలితే మళ్లీ కూర్చుని సుత్తి తీసేది. నేను ఆకలి అని ఏడుస్తూ ఉండేవాణ్ణి. నువ్వు నాలుగేళ్లు చదివిన స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే నీటికి రాయి ఎన్ని రెట్లు బరువన్న లెక్క, ఆవిడకి చేతిలో ఉండేది.

దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలయిందే మన వైపు, 1892లో. అప్పటికిది విశాఖపట్నం జిల్లా. విజయనగరం పేరుతో జిల్లా వచ్చింది 1979లో. జియొలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మర్ దొర మన కోడూరు పేరు మీదే ఇక్కడి రాయికి కోడురైట్ అని పేరు పెట్టాడు. నీ పరీక్షల్లో అది రెండు మార్కుల ప్రశ్న అయ్యుంటుంది. ఇక్కడ మాత్రం అది రోజూ తగిలే తలనొప్పి. ఎందుకంటే ఆ రాయిలో మనకి అక్కర్లేని ఖనిజాలు గార్నెట్ ఉంది, అపటైట్ ఉంది. ఈ రెండింటి గురించీ కింద చెప్తాను, గుర్తుంచుకో.

గనిలోకి దిగేటప్పుడు ముందు చూడాల్సింది ఖనిజాన్ని కాదు, గోడల్ని. మన కొండరాయి ఖొండలైట్. పైన ఎర్రగా, జేగురు కలిసినట్టు మెత్తబడి ఉంటుంది. ఖనిజం పక్కన తెల్ల సుద్ద. ఎండాకాలంలో ఇవి గోడలా నిలబడి నిన్ను నమ్మిస్తాయి. ఆగస్టు, సెప్టెంబర్ వానలు పడ్డాక అదే సుద్ద సబ్బులా జారుతుంది. గట్టి రాయిలో బెంచి, అంటే మెట్టులా తవ్విన గోడ, కాస్త ఎత్తుగా ఉండొచ్చని, మెత్తటి నేలలో అయితే 1.5 మీటర్లు మించకూడదు లేదా 45 డిగ్రీలు మించని వాలు పెట్టాలని నిబంధనలు చెప్తాయి. కాగితం మీద అందరికీ తెలిసిన మాటే. తగువంతా ఏది గట్టిది, ఏది మెత్తది అన్న దగ్గరే వస్తుంది. మార్చిలో గట్టిదని రాసుకున్న గోడని వానల్లో మళ్లీ వెళ్లి చూడు. పై బెంచి అంచున నేలలో సన్నటి పగులు కనిపిస్తే, అది వేలు పట్టేంత అయినా సరే, కింద పనిచేస్తున్నవాళ్లని ముందు బయటికి రప్పించి తర్వాత ఫోర్‌మన్‌కి ఫోన్ చెయ్యి. ఈ వరస తిరగెయ్యకు. 2014లో హుద్‌హుద్ వెళ్లిన వారానికి ఒక గోడ కూలింది. అది తుఫాను రోజున కూలలేదు, ఎండ కాసిన రోజున కూలింది. లోపల ఇంకిన నీరు అప్పటికి పనిచేసిందన్నమాట. ఆ రోజు ఆదివారం కాబట్టి కింద ఎవరూ లేరు.

పేలుళ్ల గురించి నేను చెప్పను. అది నా పని కాదు, ఊరికే చూసినదాన్ని నేర్చుకున్నట్టు చెప్పకూడదు. పేలని మందు ఉన్న రంధ్రంలోకి మళ్లీ డ్రిల్ పెట్టనివ్వకు, అంతే. మిగతాది సర్టిఫికెట్ ఉన్న బ్లాస్టర్‌ని అడుగు.

నా పని శాంపిల్ తియ్యడం. లేబులో కుర్రాడిగా చేరి, శాంపిల్ సంచులు మోసి, ఆఖరికి ఆ లేబుకే పెద్దనయ్యాను. కొత్తలో నేను చేసిన వెధవ పని చెప్తాను. పెద్ద స్టాకు ఒకటి రైలుకి వెళ్లాలి. ముందు రోజు రాత్రి గట్టి వాన. పొద్దున్నే వెళ్లి కుప్ప చుట్టూ తిరిగి, చేతికందిన రాళ్లు సంచిలో వేసుకొచ్చాను. వాన పై రాళ్లకి అంటిన మట్టిని, పొడిని కడిగేసి లోపలికి దింపేసిందన్న ఆలోచనే లేదు. లేబులో మాంగనీస్ శాతం బ్రహ్మాండంగా వచ్చింది. కొన్నవాళ్లు తమ దగ్గర దింపుకుని చూసుకుంటే నాలుగు శాతం తక్కువ. సరుకు ధర కోసేశారు. మేనేజర్ నన్ను ఏమీ అనలేదు, పార ఒకటి ఇచ్చి ఆ మధ్యాహ్నం ఎండలో ఇంకో కుప్పని అడుగు దాకా తవ్వించాడు. పై పొరకీ అడుగు పొరకీ ఎంత తేడా ఉందో నా కళ్లతో నేనే చూశాను.

కాబట్టి కుప్ప పూర్తయ్యాక శాంపిల్ తియ్యకు, కుప్ప వేస్తున్నప్పుడే తియ్యి. ఇన్ని లారీలకి ఒకసారి అని లెక్క పెట్టుకో. రాయి, పొడి ఏ పాళ్లలో ఉన్నాయో అదే పాళ్లలో సంచిలోకి రావాలి. తెచ్చినదాన్ని నలగ్గొట్టి, కలిపి, శంకువులా కుప్ప పోసి, పైన చదును చేసి, నాలుగు పాళ్లు చెయ్యి. ఎదురెదురు రెండు పాళ్లు ఉంచి రెండు తీసెయ్. మళ్లీ కలుపు, మళ్లీ నాలుగు చెయ్యి. విసుగొస్తుంది. విసుగొచ్చినవాడు మూడోసారి గుప్పిట్లో పట్టి తీసేస్తాడు, ఆ గుప్పిట్లోనే మోసం. మన్ను తేమ కూడా తూకంలో కలుస్తుంది కాబట్టి తడి తూకం, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టాక తూకం, రెండూ రాసిపెట్టు.

ఇక జిగ్గు. దీన్ని చూసి భయపడకు. మీ అమ్మ బియ్యం గాలించడం చూశావు కదా, నీళ్లలో గిన్నె ఊపుతుంటే బియ్యం పైకి తేలి జారిపోతాయి, రాళ్లు అడుగున ఉండిపోతాయి. ఇక్కడ మనకి కావలసింది అడుగున ఉండేది, అంతే తేడా. మాంగనీస్ ఖనిజం బరువు నీటికి నాలుగున్నర రెట్లు అనుకో, దానితో కలిసొచ్చే పనికిరాని క్వార్ట్జ్ రాయిది 2.65. అదే నీళ్లలో ముంచితే రెండింటి నుంచీ ఒకటి తీసెయ్యాలి. 3.5, 1.65. గాల్లో ఒకటిన్నర చిల్లర రెట్లున్న తేడా నీళ్లలో రెండు రెట్లు దాటింది. జిగ్గు బతుకంతా ఈ లెక్క మీదే.

అయితే చిన్న ఖనిజం ముక్కా, పెద్ద క్వార్ట్జ్ ముక్కా ఒకే వేగంతో దిగుతాయి. అందుకే జిగ్గుకి వేసే ముందు జల్లెడ పట్టి సైజుల వారీగా విడగొట్టాలి. జల్లెడ ఎక్కడో చిరిగి ఉంటుంది, ఎవరూ చూడరు. జిగ్గు సరిగా పనిచెయ్యట్లేదని మోటారుని, నీళ్లని, ఆపరేటర్ని తిడుతుంటారు. నువ్వు ముందు జల్లెడ దగ్గరికి వెళ్లు. క్రషర్ దగ్గర కూడా ఒకటి చూసుకో. మన మాంగనీస్ ఖనిజాల్లో పైరోలుసైట్ మెత్తన, ముట్టుకుంటే వేళ్లు మసి అవుతాయి. అవసరానికి మించి నలగ్గొడితే పొడై నీళ్లతో పోతుంది. సిలోమెలేన్ గట్టిది, తట్టుకుంటుంది. ఈ రెండూ కలిసున్న రాయిని ఒకే దెబ్బకి చిన్నగా చేద్దామనుకునేవాడు మన డబ్బుని కాలవలోకి వదులుతున్నట్టే.

ఇప్పుడు గుట్ట దగ్గరికి వద్దాం. ఒక లెక్క చెప్తాను, ఇది ఊహించుకున్న లెక్కే. 25 శాతం మాంగనీస్ ఉన్న రాయి 100 టన్నులు జిగ్గుకి వేశావు. అంటే 25 టన్నుల మాంగనీస్ లోపలికెళ్లింది. 38 శాతం సరుకు 45 టన్నులు వచ్చింది. అందులో ఉన్నది 17.1 టన్నులు. అందరూ 38 చూసి సంతోషిస్తారు. మిగిలిన 7.9 టన్నులు ఎక్కడికెళ్లాయి? ఆ 55 టన్నుల గుట్టలోకి. అంటే గుట్టలో 14 శాతం పైనే ఉండాలి. లేబువాడు గుట్ట శాంపిల్ 10 శాతమే అని రాశాడనుకో, అందులో ఉన్నది 5.5 టన్నులే. మరి 2.4 టన్నులు ఏమయ్యాయి? బురదనీళ్లలో పోయాయా, తూకం తప్పా, శాంపిల్ తప్పా? ఈ ప్రశ్న పట్టుకుని ప్లాంటంతా తిరుగు. ఆ తిరుగుడులో నువ్వు నేర్చుకునేది నీకు ఏ ట్రైనింగులోనూ రాదు. నీ నోటుబుక్కులో రోజూ ఈ మూడు అంకెలూ రాసుకో: వేసినది, వచ్చినది, పోయినది. మొదటి నెలలో ఒక్కరోజు కూడా లెక్క కుదరదు. టెన్షన్ పడకు, నాకూ కుదరలేదు.

గార్నెట్, అపటైట్ అన్నాను కదా. గార్నెట్ బరువు నాలుగు చుట్టూ ఉంటుంది. జిగ్గులో అది ఖనిజంతో పాటే అడుగుకి వస్తుంది, ఆపలేవు. అయస్కాంతం పెడదామంటే రెండింటికీ కొంచెం కొంచెం ఆ గుణం ఉంది, అక్కడా తేలిగ్గా విడిపోవు. అపటైట్‌తో ఫాస్ఫరస్ వస్తుంది. కొంత ఖనిజంలోనే కలిసిపోయి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. ఉక్కులో కలిపే ఫెర్రో మాంగనీస్ తయారుచేసే కొలిమిలో ఆ ఫాస్ఫరస్ స్లాగులోకి (పైన తేలే మడ్డిలోకి) పోకుండా లోహంతోనే దిగుతుంది, అక్కణ్ణుంచి ఉక్కులోకి పోయి దాన్ని పెళుసు చేస్తుంది. మన వైపు ఖనిజానికి ఉన్న చెడ్డపేరు ఇదే. దీనికి మందు ప్లాంటులో లేదు, గనిలోనే ఉంది. తవ్వుతున్న ఏ గోడ ముఖంలో ఫాస్ఫరస్ ఎక్కువో ముందే శాంపిల్ తీసి, ఆ రాయిని వేరే కుప్పగా పెట్టించు. లారీ డ్రైవరు దగ్గరగా ఉందని పక్క కుప్ప మీద పోసేస్తాడు. ఒకసారి కలిసిందా, మళ్లీ విడదియ్యలేవు. డ్రైవర్లతో మర్యాదగా ఉండు, టీ తాగేటప్పుడు వాళ్లతో కూర్చో, కానీ ఈ విషయంలో మొహమాటపడకు.

కడిగిన నీళ్లు ఆగే చెరువు కట్ట కూడా నీ లెక్కలోదే అనుకో. మా రోజుల్లో ఒక వానాకాలం కట్ట తెగి ఎర్రనీళ్లు కింద వరి మళ్లలోకి పోయాయి. ఆ రైతులు గేటు ముందు వంట చేసుకుని మూడు రోజులు కూర్చున్నారు. వాళ్లలో మన చుట్టాలూ ఉన్నారు. పెళ్లిళ్లలో ఇప్పటికీ ఆ మాట వస్తుంది.

దుమ్ము. మాస్కు గడ్డం కిందకి లాగి తిరిగే పెద్దవాళ్లని చూస్తావు, నువ్వు అలా చెయ్యకు. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులకి వచ్చే సిలికోసిస్ గురించి చదివావు. మాంగనీస్ దుమ్ము నరాలకి పడుతుంది. ప్రభుత్వం ప్రకటించిన వృత్తి జబ్బుల్లో అదీ ఉంది. నాతో క్రషర్ మీద చేసిన ఒకాయనకి ముందు నిద్ర పట్టడం మానేసింది, తర్వాత చేతులు వణికాయి, తర్వాత నడక మారింది. ముఖంలో నవ్వు, కోపం ఏదీ కనపడేది కాదు. తాగుడు అనుకున్నాం అందరం. పాపం ఆయన చుక్క ముట్టేవాడు కాదు. డ్రిల్ దగ్గర నీళ్లు ఆపేస్తే ఒప్పుకోకు. చేరేటప్పుడు తీసిన ఎక్స్‌రే నకలు నీ దగ్గర ఒకటి ఉంచుకో.

రాత్రి షిఫ్టు అడిగితే నువ్వు రాసి ఇస్తేనే వెయ్యాలి, ఆ షిఫ్టులో ఆడవాళ్లు ముగ్గురికి తగ్గకూడదు అన్నారు. 2019లో వచ్చిన ఉత్తర్వులో మాట అది. మీ అమ్మకి ఈ ముక్క చదివి వినిపించు, కాస్త నిద్రపోతుంది.

సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావు. మేనేజర్ గారిని అడిగి జిగ్గు వెనక గుట్టలోంచి ఒక గుప్పెడు, కాలవ బురదలోంచి ఒక గుప్పెడు విడివిడిగా కాగితాల్లో మడిచి పట్టుకురా. పొట్లాల మీద తేదీ, చోటు రాయడం మర్చిపోకు. మీ అత్తనడిగి గిన్నె తీసుకుని పెరట్లో నుయ్యి దగ్గర గాలించి చూద్దాం.

మీ మావయ్య